పురనిర్మాణమున సూత్రగ్రాహి : నాటి త్రాడు, నేటి యంత్రము

(హాలియా పట్టణమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

కులవృత్తుల స్థితిని గూర్చియు, విద్యార్థి వసతిగృహ నిధిని గూర్చియు నాకు ముందు మాటలాడిన పెద్దలు విపులముగా వివరించియున్నారు. కార్యదర్శిగారు నాకు నిర్ణయించిన విషయము వేఱు. పట్టణముల నిర్మాణమునందును, పట్టణవాసుల దైనందిన జీవనమునందును డిజిటల్ పరిజ్ఞానము ఎట్లు ప్రవేశించినది, దానితో మనకేమి పని, యని విచారింపుమని వారి యాజ్ఞ. జీవితమంతయు శబ్దమంజరియు రఘువంశమును బోధించి విశ్రాంతి గొన్న యొక బడిపంతులు కంప్యూటరులను గూర్చి యేమి చెప్పునని వెనుక వరుసలోని యువకులు చిఱునవ్వు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. ఈ విషయమునకును సంస్కృతమునకును వారనుకొన్నంత దూరము లేదు.

మనము మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులను పంచబ్రహ్మలుగా స్మరింతుము. కమ్మరి, వడ్ల, కంచరి, కాసె, అవుసుల పనులు వారినుండి వచ్చినవని చెప్పుకొందుము. స్మరించుట మంచిదే. కాని స్మరణతోనే తృప్తినొందుట మన సభలకు పట్టిన యొక వ్యసనము. మయుని పేర వెలసిన మయమతమును తెఱచి చదివినవారు మనలో నెందఱున్నారు? ఆ గ్రంథమున నిర్మాతలు నాలుగు తెగలుగా చెప్పబడిరి. స్థపతి సర్వమును తెలిసి నిర్మాణమునంతటిని సంకల్పించువాడు. సూత్రగ్రాహి యాతని పుత్రుడో శిష్యుడో యై, త్రాడును మానదండమును చేతబట్టి నేలను కొలుచువాడు. తక్షకుడు చెక్కువాడు. వర్ధకి చెక్కినవానిని కూర్చువాడు. నేడు మనలో తక్షకులును వర్ధకులును మిగిలిరి. స్థపతి పనిని ఇంజనీర్లు గైకొనిరి. సూత్రగ్రాహి యేమయ్యెను? ఆతని త్రాడు ఎవరి చేతిలోనికి పోయెను? నా యుపన్యాసమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగును.

పూర్వులు దిక్కులను నిర్ణయించిన తీరు విద్యార్థులు వినదగినది. నేలను చదునుచేసి, నీటితో మట్టము సరిచూచి, నడుమ నొక శంకువును నాటి, దాని చుట్టును వృత్తము గీయుదురు. ఉదయమున శంకుచ్ఛాయ కొన వృత్తరేఖను తాకినచోట నొక గుర్తు, మధ్యాహ్నము దాటిన పిదప మరల తాకినచోట వేఱొక గుర్తు పెట్టుదురు. ఆ రెండు గుర్తులను త్రాటితో కలిపిన తూర్పు పడమరల రేఖ యేర్పడును. పిమ్మట వీథులు, ద్వారములు, గుడి, చెఱువు, శ్మశానము అన్నియు ఆ రేఖను పట్టుకొనియే పోవును. నాయకులు వచ్చి చేయు 'శంకుస్థాపన' యను మాటలోని శంకువు ఇదియే. ఇప్పుడు శంకువు పోయి శిలాఫలకము మాత్రము మిగిలినది.

ఆ నీడ చేసిన పనిని నేడు ఉపగ్రహములు చేయుచున్నవి. సర్వేయరు నిలువబెట్టు పరికరము ఆకాశమున తిరుగు అనేక ఉపగ్రహముల సంకేతములను గ్రహించును. ఒక్కొక్క సంకేతము తన్ను చేరుటకు పట్టిన కాలమును లెక్కించి దూరమును తెలిసికొనును. ఆ దూరములన్నియు కలియు బిందువే తానున్న చోటు. నేలపై స్థిరముగా నిలిపిన మఱియొక పరికరముతో సరిచూచుకొన్నచో రెండు మూడు వ్రేళ్ళ వెడల్పునకు మించి తేడా రాదు. డ్రోను అను చిన్న విమానము ఊరిపై ఎగురుచు, ఒక చిత్రము మఱియొకదానిని కొంత కప్పునట్లు వందలకొలది ఛాయాచిత్రములు తీయును. కంప్యూటరు వానినన్నిటిని అతికి, వంకరలు తీర్చి, కొలువదగిన యొక పటముగా చేయును. త్రాడు పోలేదు, ఆకాశమున కెక్కినది.

దీనిని చూచుటకు విదేశములకు పోనక్కఱలేదు. మన పొరుగున, ఉమ్మడి మహబూబునగరు జిల్లాకు చెందిన షాద్‌నగరున జాతీయ దూరసంవేదన కేంద్రమువారి భూకేంద్రము గలదు. మన దేశపు భూపరిశీలనోపగ్రహములు పంపు చిత్రములను అచ్చట దింపుకొందురు. 2005లో పైకేగిన కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల కొలతగల వస్తువును గుర్తింపగలిగెను. 2019లో పైకేగిన కార్టోశాట్-3 సుమారు జానెడు కొలతను గుర్తింపగలదు. అనగా మన యింటి ముందఱి యరుగును సైతము దాని కంటికి మఱుగు చేయలేము. అట్టి చిత్రములలో కొన్నింటిని ఎవరైనను చూచుటకు 2009లో 'భువన్' అను వేదిక తెఱువబడినది. మన పిల్లల చేతిలోని సెల్‌ఫోనులో సినిమా వచ్చునంత సులభముగ ఇదియు వచ్చును.

మన పట్టణమును చూడుడు. మానసారమున గ్రామములకు దండకము, సర్వతోభద్రము, నంద్యావర్తము, పద్మకము, స్వస్తికము, ప్రస్తరము, కార్ముకము, చతుర్ముఖము అని యెనిమిది ఆకృతులు చెప్పబడినవి. హాలియా వీనిలో నేదియు కాదు. ఇది రోడ్డును పట్టుకొని, వాగును ఆనుకొని, నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో పెరిగిన యూరు. 1967లో కాలువలకు నీరు విడువబడిన పిమ్మట మెట్టభూములు మాగాణులయ్యెను, వరి వచ్చెను, దానివెంట మిల్లులు, ఎరువుల దుకాణములు, ట్రాక్టరు మరమ్మతు షెడ్లు వచ్చెను. నాగలి చెక్కిన మన వడ్లవారు ద్వారబంధముల పనికి, కమ్మరులు వెల్డింగు పనికి మరలిరి. ఎవరికి వీలైనచోట వారు కొలిమి పెట్టిరి, షెడ్డు వేసిరి. మనకు సమీపముననే నందికొండ గలదు. అచ్చటి హిల్ కాలనీ, పైలాన్ కాలనీలు ఆనకట్ట పనివారికై ముందు కాగితముపై గీచి, పిదప నేలపై కట్టినవి. ఇచ్చట ముందు ఇండ్లు కట్టి, పిదప పటము గీయవలసి వచ్చినది. 2018లో రెండును పురపాలక సంఘములయ్యెను. 2020 జనవరిలో రెండింటికిని ఎన్నికలు జరిగెను. చట్టము దృష్టిలో రెండును సమానములే. మురుగుకాలువ దృష్టిలో కావు.

పటమునకు గల విలువను తెలిసికొనుటకు కృష్ణ యొడ్డునకే పోవలెను. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దములలో ఆ లోయయందు వెలుగొందెను. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు పునాది పడినది. లోయ మునుగునని తెలిసి, 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యమున పురావస్తు శాఖవారు ఆ లోయనంతయు త్రవ్వి, కొలిచి, గీచి, వ్రాసి పెట్టిరి. కోటగోడలు, స్నానఘట్టములు, విహారములు, మెట్ల వరుసలతో గూడిన రంగస్థలము వెలికివచ్చినవి. కొన్ని నిర్మాణములను రాయిరాయిగా విప్పి కొండమీదికిని అనుపునకును తరలించిరి. మన నల్లగొండ వైపున ఏలేశ్వరమును అట్లే త్రవ్వి నీటికి విడిచిరి. నేడు విజయపురి వీథులను చూడదలచినవాడు నీటిలో మునిగి లాభము లేదు. ఆనాడు సర్వేయర్లు గీచిన పటములను తెఱువవలెను. పటములోనికి ఎక్కినది బ్రదికినది.

హైదరాబాదు చరిత్రయు నిదే చెప్పుచున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచెను. వేలకొలది జనులు మరణించిరి. నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన చూపిన త్రోవలో 1920 నాటికి ఉస్మాన్‌సాగరు, 1927 నాటికి హిమాయత్‌సాగరు కట్టబడినవి. 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడెను. వీనిని మనమందఱము పాఠ్యపుస్తకములలో చదివినవారమే. అంతగా తెలియనిది మఱియొకటి. 1912 మొదలు 1915 వఱకు లియొనార్డ్ మన్ అను అధికారి ఆధ్వర్యమున నగరమునంతయు వీథివీథిగా కొలిచి పటములు గీచిరి. ఇండ్లు, తోటలు, బావులు, నీటికాలువలు అన్నియు అందు గలవు. ఇటీవల ఆ పటములను కంప్యూటరులోని కెక్కించి, నేటి ఉపగ్రహచిత్రముపై పఱచి చూచుట మొదలైనది. అట్లు పఱచినప్పుడు ఏ చెఱువుపై నేడు ఏ కాలనీ యున్నదో, ఏ కాలువను ఏ గోడ మింగినదో పసిపిల్లవానికి కూడ కనబడును.

2020 అక్టోబరులో నగర పరిసరములందు ఒకచోట ఒక్కదినమున 30 సెంటిమీటర్లకు మించి వాన కురిసినప్పుడు, నీరు తన పాత త్రోవను తాను వెదకికొనెను. నీటికి జ్ఞాపకశక్తి యధికము. 2024 జూలైలో 'హైడ్రా' యను సంస్థ యేర్పడి, ఉపగ్రహచిత్రములను సాక్ష్యముగా చూపి చెఱువులలోని కట్టడములను కూల్చుట మొదలిడెను. చెఱువులను కాపాడవలెననుటలో ఎవరికిని సందేహముండదు. కాని యొకమాట. అనుమతి పత్రము చూపి అమ్మినవాడు సుఖముగ నుండ, అప్పు చేసి కొన్నవాడు వీథిని పడుట న్యాయమా? చెఱువు హద్దు అమ్మకమునకు ముందే అందఱకు కనబడు పటమున నుండినచో ఈ దుఃఖములో సగము రాకుండెడిది. హాలియా యింకను చిన్నయూరు. మన వాగు యొక్క హద్దు, ఎడమకాలువ పిల్లకాలువల హద్దులు, కుంటల హద్దులు ఇప్పుడే కొలిపించి, మునిసిపల్ కార్యాలయపు గోడపై వ్రేలాడదీయుమని పట్టణమువారమందఱము కోరవలెను. ఇది యొక కులమువారి కోరిక కాదు. వాన కులమడుగదు.

ఇక ఇల్లు కట్టువారి విషయము. పూర్వము అనుమతికై తిరిగి తిరిగి చెప్పులరిగెడివి. తెలంగాణమున 2019లో క్రొత్త మునిసిపల్ చట్టమును, 2020లో 'బీపాస్' అని వాడుకలోనున్న గృహానుమతుల చట్టమును వచ్చినవి. ఆ యేడు నవంబరు 16న దాని ఆన్‌లైను ద్వారము తెఱువబడినది. 75 గజముల వఱకు స్థలమున చిన్న యిల్లు కట్టువానికి అనుమతి పనిలేదు, ఒక రూపాయి చెల్లించి నమోదు చేసికొన్న చాలును. 500 చదరపు మీటర్ల వఱకు, పది మీటర్ల యెత్తు మించని యింటికి యజమాని స్వయముగా ధ్రువీకరించిన వెంటనే అనుమతి వచ్చును. అంతకు మించినవానికి 21 దినముల గడువు. ఆలోగా అధికారి పలుకనిచో అనుమతి వచ్చినట్లే. 2025లో 'బిల్డ్‌నౌ' అను మఱియొక పద్ధతి వచ్చినది; అందు ఇంటి నక్షాను యంత్రమే నిబంధనలతో సరిచూచును.

ఇది మంచి మార్పని నా యభిప్రాయము. లంచమునకు చోటు తగ్గినది. కాని మనవారొక సంగతిని గుర్తింపలేదు. 'స్వయంధ్రువీకరణ' మనగా ప్రమాణము. ఈ స్థలము నాది, ఇంత కొలత, ఇంత విడిచి కట్టుదును, ఇది చెఱువు కాదు, ప్రభుత్వభూమి కాదు, అని ఇంటి యజమాని చేయు ప్రమాణము. అది యసత్యమని తేలినచో నోటీసు లేకయే కట్టడమును కూల్చుటకు చట్టము అధికారమిచ్చినది. మనవారు చేయుచున్నదేమి? ఇంటర్నెట్టు కేంద్రమునకు పోయి, ఫోనును అచ్చటి కుఱ్ఱవానికిచ్చి, ఓటీపీ చెప్పి, "నీవే నింపు నాయనా" అనుచున్నారు. ఆ పిల్లవాడు అడ్డువచ్చిన ప్రతి గడిలోను 'అవును' అని నొక్కుచున్నాడు. అగ్నిసాక్షిగా చేసిన ప్రమాణమును తప్పరాదని పెండ్లిపందిట చెప్పువారము, యంత్రసాక్షిగా మఱియొకడు మన పేర చేయు ప్రమాణమును చదువనైన చదువము. మనవారు ఇండ్లు కట్టుకొనుటయే గాక, ఇతరులకు కట్టి యిచ్చువారు కూడ. ఇంటి యజమాని నష్టపడిన, "తలుపులు పెట్టిన వడ్లాయన చెప్పినాడు" అని మాట మనమీదికి వచ్చును.

స్థలమునకు కాగితమే లేనివాని మాటయో? ఊరి నడుమ గ్రామకంఠమున తాతల నాటినుండి యున్న యిండ్లకు విడివిడిగా సర్వే నంబర్లు లేవు. పొలమునకు సేత్వారు, పహాణీ గలవు. కొలిమికి ఏమి గలదు? పొలముల లెక్క 2020 అక్టోబరు 29న 'ధరణి' లోనికెక్కి, 2025 ఏప్రిలు 14న దాని స్థానమున 'భూభారతి' వచ్చెను. ఆ లెక్కలలోని చిక్కులను విప్పుటకే రైతులు ఇన్నేండ్లు తిరుగుచున్నారు. ఇండ్ల స్థలముల వంతు ఇప్పుడు వచ్చుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2025 ఫిబ్రవరి 18న 'నక్షా' అను కార్యక్రమమును దేశమున 152 పట్టణములలో ప్రయోగముగా ఆరంభించినది. విమానమునుండి చిత్రములు తీసి, పిదప ఇంటింటికి వచ్చి హద్దులు సరిచూచి, ప్రతి స్థలమునకు నొక పత్రము నిచ్చుట దాని యుద్దేశము. నేడు కాకున్న రేపు ఇది ప్రతి చిన్న పురమునకును రాకమానదు. చిత్రము గోడను చూపునుగాని, గోడ యెవరిదో చూపదు. కౌటిల్యుడు వాస్తువివాదములందు పొరుగువారి సాక్ష్యమును ప్రమాణముగా చెప్పినాడు. ఇప్పటి సర్వేయరును తుదకు పొరుగువానినే అడుగును. ఆ దినమున మన వృద్ధులు ఊరిలో లేకున్నను, కుమారుడు హైదరాబాదునందుండి రాకున్నను, నలువదియేండ్ల కొలిమి 'ఖాళీస్థలము' అని వ్రాయబడుట కెంతసేపు పట్టును?

మా వీథిలో నొక వృద్ధ కమ్మరి గలడు. పేరు చెప్పుట యనవసరము. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పీఎం విశ్వకర్మ పథకమున పదునెనిమిది చేతివృత్తులవారికి పనిముట్లకై 15,000 రూపాయల విలువగల వోచరు, శిక్షణ దినములలో రోజుకు 500 రూపాయలు, సాలుకు నూటికి అయిదు రూపాయల వడ్డీకి మొదట లక్ష, పిమ్మట రెండు లక్షల ఋణము చెప్పబడినవి. ఈయన యొక కేంద్రమునకు పోయి నమోదు చేయుమనెను. అచ్చటి యంత్రముపై వ్రేలు పెట్టుమనిరి. పెట్టెను. గుర్తింపలేదు. పది వ్రేళ్ళును పెట్టెను. ఒక్కటియు గుర్తింపలేదు. ఏబదియేండ్లు సుత్తి పట్టి, నిప్పు తొక్కి పనిచేసిన చేతుల గీతలు అరిగిపోయినవి. విశ్వకర్మ పేర వచ్చిన పథకమునకు విశ్వకర్మ సంతతివాని చేయి పనికిరాకపోయెను! అవుసుల పనిలో ఆమ్లము తగిలిన వ్రేళ్ళకును నిదేగతి. "రేపు రండి" యనిరి. రేపు గూడ ఆ చేతులే గదా! కనుపాపను చూచియు, ముఖమును చూచియు గుర్తించు పద్ధతులు ఆధారున గలవని ఆయనకెవరును చెప్పలేదు. మూడవ నాడు మన సంఘపు విద్యార్థి యొకడు తోడుపోయి కనుపాపతో నమోదు చేయించెను. పని పావుగంటలో ముగిసెను. ఆ పావుగంట కొఱకు ఆయన మూడు దినముల కూలి పోగొట్టుకొనెను.

ఇక నగరజీవనమున నీ విద్య చేయు మేళ్ళను నేను కాదనను. 2001లో హైదరాబాదున 'ఈ-సేవ' కేంద్రములు వచ్చువఱకు కరెంటు బిల్లొకచోట, నీటి బిల్లొకచోట, పన్నొకచోట కట్టవలసియుండెను. 2011లో 'మీ-సేవ' వచ్చి కులపత్రము, ఆదాయపత్రము మొదలగునవి పల్లెలకు చేర్చెను. బస్సు ఎంత దూరమున నున్నదో చెప్పు 'గమ్యం' అను సదుపాయమును ఆర్టీసీవారు 2023 ఆగష్టులో నిచ్చిరి. బస్సు వచ్చునో రాదో యని ఎండలో నిలుచు స్త్రీలకు అది చల్లని కబురు. ఇంటిపన్ను ఇంటినుండియే కట్టవచ్చును. ఇవన్నియు అందఱును ఎఱిగినవే కావున విస్తరింపను.

ఎఱుగనిది రెండవ ప్రక్క. కౌటిలీయమున 'నాగరకప్రణిధి' యను అధ్యాయము గలదు. నగరమున పది, యిరువది, లేదా నలువది కుటుంబములకు గోపుడను నొక యధికారి. అచ్చటి స్త్రీపురుషుల జాతి, గోత్రము, పేరు, పని, ఆదాయము, వ్యయము ఆతడు తెలిసికొని యుండవలెను. ఇంటికి వచ్చిన అతిథిని గూర్చియు తెలుపవలెను. చదువుకొను నాళ్ళలో దీనిని చూచి, ఇంత లెక్క యెవరు వ్రాయగలరని నేను ఆశ్చర్యపడితిని. ఇప్పుడా గోపుడు కంప్యూటరు రూపమున వచ్చినాడు. 2014 ఆగష్టు 19న ఒక్కదినమున తెలంగాణమంతట సమగ్ర కుటుంబ సర్వే జరిగెను. 2024 నవంబరులో కులగణనతో గూడిన సర్వే మొదలయ్యెను. కులసంఘముల వారము గనుక గణనను మనమే కోరితిమి. సంఖ్య తెలియనిదే వాటా తెలియదని వేదికలెక్కి పలికితిమి. ఆ మాట నిజమే. కాని లెక్క తప్పినచో దిద్దువారెవరని యడుగుట మఱచితిమి.

మన రాష్ట్రముననే దృష్టాంతము గలదు. వేర్వేఱు కార్యాలయముల లెక్కలను ఒకచోట కూర్చి, పేరును చిరునామాను పోల్చి, ఒక కుటుంబమునకు ఇల్లెంత, వాహనమెంత యని నిర్ణయించు 'సమగ్ర వేదిక' యను నేర్పాటు గలదు. ఒకే పేరుగల యిద్దఱను యంత్రము ఒకడే యనుకొన్నచో, ఒకని కారు మఱియొకని లెక్కలో పడును. రేషను కార్డు పోవును. 2016 మొదలు రద్దయిన కార్డులు సుమారు 19 లక్షలు. ఇంటికి పోయి విచారింపకయే రద్దు చేసిరని వ్యాజ్యము నడువగా, 2022 ఏప్రిలులో సుప్రీముకోర్టు ఆ కార్డులనన్నిటిని క్షేత్రమునకు పోయి మరల పరిశీలింపుమని యాజ్ఞాపించెను. మన యిండ్లలో ఒకే తాత పేరు పెట్టుకొన్న మనుమలు నలుగురైదుగురుందురు. ఇంటిపేరు నదే, ఊరు నదే. యంత్రమునకు మనవంటి కులముకంటె కఠినమైన పరీక్ష వేఱొకటి లేదు! కౌటిల్యుని గోపుడు తప్పు వ్రాసినచో ఆతని యింటికి పోయి యడుగవచ్చును. ఈ గోపుని యిల్లెక్కడ?

ఇదే సందర్భమున మన సంఘమువారికి ఒక విన్నపము. మన సంచికలలో సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు, పిల్లల పుట్టినతేదీలతో సహా అచ్చువేయుట యాచారమైనది. సంబంధములు కలుపుకొనుటకు ఉపయోగమని పెద్దల తలంపు. కాని యొకచోట పేరు, ఒకచోట పుట్టినతేది, ఒకచోట ఫోను దొరికిన మోసగానికి ఇంకేమి కావలెను? 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై దేశమున చట్టము వచ్చినది. చట్టముకంటె ముందు మన వివేకము రావలెను. ఈ సంచికయందు ఆ జాబితాను తగ్గింపుడని సంపాదకులను కోరితిని. తగ్గించిరో లేదో మీరే చూతురు.

సూత్రగ్రాహి కడకు మరల వచ్చెదను. భూభారతి చట్టముననుసరించి భూముల రిజిస్ట్రేషనునకు సర్వే పటమును జతపఱచవలెనను నిబంధన వచ్చినది. అందులకై 2025లో ప్రభుత్వము వేలకొలది యువకులకు లైసెన్సు సర్వేయర్లుగా శిక్షణ నిచ్చెను. ఐ.టి.ఐ.లలో సర్వేయరు, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ తరగతులు గలవు. మన పిల్లలలో ఆ త్రోవ పట్టినవారెందఱని వసతిగృహమున విచారించితిని. వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. అందఱును ఇంజనీరింగు కళాశాలలకే పరుగులిడుచున్నారు. అచ్చట చదివి, చదివినదానితో సంబంధములేని చిన్న కొలువునకై నగరమున వెదకుచున్నారు. ఇచ్చట పట్టణము పెరుగుచున్నది, ప్రతి గజమును కొలువవలసియున్నది, కొలుచువాడు లేడు. త్రాడు పట్టుట మన తాతల పని. దానిని చిన్నపనియని యెవరు మనకు చెప్పిరి?

చేతిపనికిని ఈ విద్యకును వైరమని భావించువారు గలరు. కంప్యూటరుతో నడచు కోతయంత్రము, తలుపుపై లతను మూడుగంటలలో చెక్కుచున్నది. మన వడ్లవాడు మూడుదినములు చెక్కును. నగల నమూనాలను కంప్యూటరుపై గీచి, మైనపు అచ్చు తీయుచున్నారు. దీనివలన మనవారికి పని తగ్గినమాట వాస్తవము. దానిని కప్పిపుచ్చి తియ్యనిమాటలు చెప్పుట నాకిష్టము లేదు. అయినను ఆ యంత్రమునకు లతను గీచి యిచ్చువాడొకడు కావలెను. లత యెచ్చట వంగిన నందమో, కొయ్య పోగు ఎటుపోయిన చీలునో తెలిసినవాడు గీచినదానికిని, ఎన్నడును ఉలి పట్టనివాడు గీచినదానికిని గల భేదము కొనువానికి కూడ తెలియును. యంత్రము ధర లక్షలలో నున్నది. ఒక్కని వలన కాదు. పదిమంది కలిసి కొన్నచో కావచ్చును. ఈ విషయమున పోషకుల సహాయమును గోరుట నాకు సిగ్గనిపించదు.

కావున సభవారి యెదుట నొక తీర్మానము నుంచుచున్నాను. ప్రతి సంవత్సరము వసతిగృహ నిధినుండి ఇద్దఱు విద్యార్థులకు, అందొకరు బాలికయై యుండునట్లు, సర్వే విద్యకును నక్షా గీయు విద్యకును కావలసిన వ్యయము సంఘము భరింపవలెను. నెలకొక ఆదివారము మన భవనమున చదువుకొన్న యువకులిద్దఱు కూర్చుండి, వచ్చినవారి దరఖాస్తులను రుసుము లేక నింపవలెను. నింపుటకు ముందు ప్రతి ధ్రువీకరణ వాక్యమును తెలుగున బిగ్గఱగా చదివి వినిపింపవలెను. ఓటీపీ యెవరిదో వారే నొక్కవలెను. ఎవరి పత్రముల నకళ్ళను వారికే యిచ్చివేయవలెను, సంఘము తన యొద్ద నుంచుకొనరాదు. కులభేదము లేక వచ్చిన వారందఱకును ఈ పని చేయవలెను. గ్రామకంఠమున నున్న ప్రతి కొలిమి, ప్రతి షెడ్డు ఎన్ని మూరలు, ఎవరు పొరుగువారు, ఎప్పటినుండి పన్ను కట్టుచున్నారు అను వివరమును ఆ యింటివారే ఒక కాగితముపై వ్రాసి, పొరుగువారి చేవ్రాళ్ళతో సిద్ధముగ నుంచుకొనునట్లు వచ్చే ఉగాదిలోగా ఇంటింటికి పోయి చెప్పవలెను.

తీర్మాన పత్రము కార్యదర్శిగారి బల్లపై నున్నది. సమ్మతించువారు భోజనములకు లేచుటకు ముందే చేవ్రాలు చేయగోరెదను. భోజనానంతరము జనము నిలువరని నాకు అనుభవముచే తెలియును. ఆదివారపు పనికి పేరీయగోరు యువకులు నన్నిచ్చటనే కలియవచ్చును.